నక్కకు దక్కిన తాటిపండు

మూలిగే నక్క మీద తాటిపండు పడిందని విన్న మన పెద్దలు నక్కను తలచుకొని అయ్యో అన్నారే గాని, ఆ పండు ఎంత ధర పలుకుతుంది, అందులో నక్కకు అప్పిచ్చినవాళ్ల వాటా ఎంత అన్న అసలు ప్రశ్నలు ఒక్కరూ అడగలేదు. ఆ లోపాన్ని ఇంగ్లండు, వేల్స్‌లలోని అప్పుల ఒప్పందాలు సరిదిద్దాయి. ఆ ఒప్పందాల్లో అనుకోకుండా చేతికొచ్చే సొమ్మును ‘విండ్‌ఫాల్’ అంటారు, అంటే గాలికి రాలిన పండు. లాటరీ తగిలినా, మేనత్త వీలునామాలో ఇల్లు రాసినా, బండి గుద్ది కాలు విరిగినందుకు పరిహారం వచ్చినా, పత్రం రాసిన తీరును బట్టి అన్నీ ఆ ఒక్క బుట్టలోనే పడవచ్చు.

ఈ ఏర్పాటు పేరు ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్, పొట్టిగా ఐవీఏ. 1986 నాటి దివాలా చట్టం ఎనిమిదో భాగంలో ఉంది. మన జిల్లాల్లో ‘ఐపీ పెట్టాడు’ అంటే ఊరు ఊరంతా వాడి గుమ్మం ముందుంటుంది కదా. ఆ అప్రతిష్ఠ వద్దనుకునే మర్యాదస్తుడు అక్కడ లైసెన్సు ఉన్న నిపుణుణ్ణి ఆశ్రయించి, తిండికీ అద్దెకూ పోగా మిగిలింది ఐదారేళ్లపాటు నెలనెలా కడతానని, ఆపైన మిగిలే బాకీని వదిలేయమని అప్పులవాళ్లకు ప్రతిపాదన పంపుకుంటాడు. ఓటు వేసినవాళ్లలో, బాకీ విలువను బట్టి, 75 శాతం సరేనంటే కాదన్నవాళ్లు కూడా కట్టుబడాలి. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు రూపాయికి పావలా ఇప్పించి తగువు తీర్చినట్టే ఉంటుంది గాని, ఇక్కడి పెద్దమనిషి తన ఫీజు కూడా ఆ పావలాలోంచే తీసుకుంటాడు.

లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉంటూ గిడ్డంగిలో పనిచేసే ఒక తెలుగువాడు ఇలాంటి ఒప్పందంలో ఉన్నాడనుకుందాం. పేరు అప్పారావు అనుకుంటే ఇంకేమీ వివరించనక్కరలేదు. మూడో ఏట, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి వచ్చి అతని ఎడమ మోకాలిని గుద్దింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అని మీరనవచ్చు. ఆ రోకలికి కూడా అక్కడ ధర కట్టే విధానం ఉంది. ఏ అవయవానికి ఎంత ఇవ్వవచ్చో చెప్పే మార్గదర్శక పుస్తకం 1992 నుంచి న్యాయమూర్తుల చేతిలో ఉంది. కారు ప్రమాదంలో మెడ పట్టేసినవారికైతే 2021లో ఏకంగా ధరల పట్టికే వచ్చింది: అప్పటి లెక్కలో మూడు నెలల లోపు నొప్పికి 240 పౌండ్లు, రెండేళ్ల దాకా సాగే నొప్పికి 4,215 పౌండ్లు. కూరగాయల బజారులో కూడా ఇంత స్పష్టత లేదు.

ఇక ఈ సొమ్ము ఎవరిది? పూర్తిగా దివాలా తీసినవాడి విషయంలో ఇంగ్లండు న్యాయస్థానాలు, మన్నించాలి, కాస్త మెత్తబడ్డాయి. దివాలాదారు శరీరానికి, మనసుకు, పరువుకు కలిగిన బాధను బట్టి లెక్కగట్టే పరిహారం అప్పులవాళ్లకు చెందదన్న మాట 1849 నాటి తీర్పులోనే కనిపిస్తుంది. ఆర్డ్–అప్టన్ కేసులో అప్పీలు న్యాయస్థానం దాన్నే ఇంకాస్త విడమరిచి, దావా మొత్తం, అప్పులవాళ్ల కోసం దివాలాదారు ఆస్తిని చేతిలోకి తీసుకునే ట్రస్టీకి పోయినా, పోయిన జీతం తాలూకు పరిహారం మాత్రమే అప్పులవాళ్లదని, నొప్పికి వచ్చింది నొప్పిపడ్డవాడికే అప్పగించాలని తేల్చింది. గాయపడ్డవాడికి తానిచ్చిన భృతిని పరిహారంలోంచి తిరిగి రాబట్టుకునే ప్రభుత్వం సైతం 1997 చట్టం ప్రకారం నొప్పి పద్దును ముట్టుకోదు. గెలిస్తేనే ఫీజు అనే లాయరు మాత్రం తన అదనపు రుసుము కింద ఆ పద్దులోంచి కూడా 25 శాతం దాకా తీసుకోవచ్చు. మనిషి నొప్పిని నిజంగా పంచుకునేవాడు లాయరొక్కడే అని దీన్నిబట్టి గ్రహించాలి.

కాని అప్పారావు దివాలా తీయలేదు. మాటకు కట్టుబడ్డాడు. ఐవీఏ అనేది ఒప్పందం కాబట్టి, అందులో ఏది రాస్తే అదే శాసనం. అనుకోని సొమ్మంతా జమ చేయాలన్న షరతును ఎంత వెడల్పుగా రాశారన్నదాన్ని బట్టి అతని మోకాలు అతనిదో, క్రెడిట్ కార్డు బ్యాంకుదో తేలుతుంది. ‘శరీర గాయానికి వచ్చే పరిహారం మినహా’ అన్న నాలుగు ముక్కలు సంతకానికి ముందే రాయించుకుని ఉంటే పేచీయే లేదు. అయితే ఫోర్క్‌లిఫ్ట్ మూడేళ్ల ముందే కబురు పంపి రాలేదు. పోనీ దాచిపెడదామంటే ఒప్పందమే కూలి, ఏ దివాలాను తప్పించుకోవడానికి ఇన్నాళ్లు వాయిదాలు కట్టాడో అదే దివాలా ఎదురు కావచ్చు.

అమెరికాలోని మన బంధువులు నవ్వుకోనక్కరలేదు. వారి ఫెడరల్ దివాలా చట్టం శరీర గాయానికి వచ్చిన సొమ్ములో కొంత మొత్తాన్ని అప్పులవాళ్లకు అందకుండా కాపాడుతూనే, ‘నొప్పికీ బాధకూ ఇచ్చింది లెక్కలోకి రాదు’ అని స్పష్టంగా రాసుకుంది. లండన్‌లో ఏది గాయపడ్డవాడి సొంతమో, సముద్రం దాటితే దానికే ఆ రక్షణ లేదు. ఇంతకూ ఇదే ఇంగ్లండు మనల్ని ఏలుతున్న రోజుల్లో, 1923లో, మన దేశానికి చేసిన కార్మికుల నష్టపరిహార చట్టం తొమ్మిదో సెక్షన్‌లో, పనిలో గాయపడ్డ కూలీకి వచ్చే పరిహారాన్ని ఏ అప్పులవాడూ జప్తు చేయించరాదని ఒక్క ముక్కలో చెప్పేసింది. మిల్లు కూలీకి ఇచ్చిన ఆ రక్షణ లండన్ గిడ్డంగిలోని అతని మునిమనవడికి కావాలంటే మాత్రం పత్రంలో చిన్న అక్షరాలు వెతుక్కోవాలి.

అయినా అప్పులవాళ్ల పక్షాన ఆలోచించడం నా కర్తవ్యం. వారికి సొమ్ము మాత్రమే పంచి నొప్పిని ఒక్కడి దగ్గరే అట్టిపెట్టడం పంపకాల న్యాయానికి విరుద్ధం. పౌండుకు ఇన్ని పెన్నీలన్న నిష్పత్తిలోనే నొప్పిని కూడా పంచాలి. పెద్ద బాకీ ఉన్న బ్యాంకువారు చలికాలమంతా కుంటాలి. చిన్న బాకీవారికి రాత్రి రెండింటికి కాస్త సలుపు చాలు. 75 శాతం ఒప్పుకున్నాక కాదన్నవాళ్లకూ మోకాలు నొప్పి తప్పదు.

ఈ సంస్కరణ వచ్చేలోగా అప్పారావు, ఏడాదికోసారి జరిగే ఆదాయ వ్యయాల సమీక్ష కోసం వచ్చిన ఫారం ముందు కూర్చున్నాడు. గడిచిన సంవత్సరంలో మీకు అనుకోకుండా ఏమైనా లభించిందా అన్న గడిలో ‘ఫోర్క్‌లిఫ్ట్, ఎడమ మోకాలి మీద’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, తారీఖు వేసి, కర్ర పట్టుకుని పోస్టాఫీసు దాకా నడిచాడు.