ప్రమాద కేసుల్లో కోపం ఎవరి మీద చూపాలి?

జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో అర్ధరాత్రి ఒక కారు ఎవరి ప్రాణమైనా తీసిందంటే, తెల్లారేసరికి రెండు డిమాండ్లు వినిపిస్తాయి. నిందితుడి మీద అత్యంత కఠినమైన సెక్షన్ పెట్టాలన్నది మొదటిది. అతని తరఫున ఏ న్యాయవాదీ నిలబడకూడదన్నది రెండోది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ రెండో డిమాండ్ తప్పు. నిందితుల తరఫున వాదించబోమంటూ బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది. బాధిత కుటుంబానికి జరిగే అన్యాయం చాలావరకు కోర్టు హాలులో మొదలు కాదు. ప్రమాదం జరిగిన తొలి గంటల్లో, రోడ్డు మీదా పోలీస్ స్టేషన్‌లోనే మొదలవుతుంది.

ముందు సెక్షన్ల సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106(1) నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి సంబంధించినది. అంతకుముందున్న భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 304ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే ఉండేది, ఇప్పుడది ఐదేళ్లయింది. అయినా బెయిలు హక్కుగా దొరుకుతుంది, మేజిస్ట్రేటు విచారిస్తారు. సెక్షన్ 105 దీనికి భిన్నం. హత్య కిందకు రాని నరహత్య అది. తన చర్య వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ ఆ పని చేసినవారికి పదేళ్ల వరకు జైలు పడవచ్చు. బెయిలు కోర్టు విచక్షణ, విచారణ సెషన్స్ కోర్టులో. తీవ్రమైన డ్రైవింగ్ కేసుల్లో డిఫెన్స్, అంటే నిందితుడి తరఫు, పోరాటమంతా ఈ ‘తెలిసీ’ అన్న చోటే జరుగుతుంది.

తాగి నడిపితే తెలిసి చేసినట్టేనా? ముంబై కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న ఏడుగురి ప్రాణాలు తీసిన కేసులోనూ, ఢిల్లీలో 1999 నాటి బీఎండబ్ల్యూ కేసులోనూ సుప్రీంకోర్టు 2012లో అవుననే చెప్పింది. అయితే ఆ నిర్ణయాలు ఆయా కేసుల సాక్ష్యాల మీద నిలబడ్డాయి. అదే సుప్రీంకోర్టు 1998లో కర్ణాటకకు చెందిన ఒక లారీ కేసులో, కేవలం వేగంగా నడిపాడన్న మాటతో నిర్లక్ష్యం రుజువు కాదని చెప్పింది. ‘అతి వేగం’ అని ఎఫ్ఐఆర్‌లో రాసి వదిలేస్తే చాలదు. ఎంత వేగం, ఆ రోడ్డుకు ఉన్న పరిమితి ఎంత, ఎవరు కొలిచారు, బ్రేకు వేసిన గుర్తులు ఎక్కడ ఉన్నాయి అన్నవన్నీ తేలాలి.

మంచి డిఫెన్స్ న్యాయవాది అడిగేవి ఇవే. స్టీరింగ్ మీద ఉన్నది ఎవరు? సీసీటీవీ ఫుటేజీకి చట్టం కోరే ధ్రువపత్రం జతపరిచారా? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల పరిమితి దాటిందని చెబుతున్నారు సరే, నమూనా ఎప్పుడు తీశారు, సీలు ఎవరు వేశారు, రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరేదాకా అది ఎవరి చేతుల్లో ఉంది? వాహన తనిఖీ అధికారి నివేదికలో బ్రేకుల గురించి ఏముంది? ఇవి నేరస్థుణ్ణి తప్పించే కుయుక్తులుగా నాకు కనిపించవు. దర్యాప్తు అధికారి ముందే జవాబు సిద్ధం చేసుకుని ఉండాల్సిన ప్రశ్నలివి. 2024లో పుణె కారు ప్రమాద కేసులో రక్త నమూనాలే మారిపోయాయన్న ఆరోపణలు చూశాక, ఈ ప్రశ్నలు బాధితుల తరఫున కూడా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. మన బేగంపేటలో 2023 డిసెంబరులో ప్రజాభవన్ ముందు బారికేడ్లను కారు ఢీకొన్న కేసులోనూ డ్రైవరును మార్చి చూపారన్న ఆరోపణే వచ్చింది.

కొత్త చట్టాల్లో ఒక చిక్కు ఉంది, దాని గురించి పెద్దగా చర్చ జరగడం లేదు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి తీరాలని, ఆ ఏర్పాటును రాష్ట్రాలు ఐదేళ్లలోగా అమల్లోకి తేవాలని, దర్యాప్తు, విచారణల పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. సెక్షన్ 105 ఆ పరిధిలోకి వస్తుంది. ఐదేళ్ల శిక్ష ఉన్న 106(1) రాదు. తొలి రాత్రి స్టేషన్‌లో చిన్న సెక్షన్ రాస్తే, తీవ్రతను తేల్చగల ఆధారాలను సేకరించాల్సిన బాధ్యతే తప్పిపోతుంది. జనం ఆగ్రహించాక సెక్షన్ మార్చవచ్చు గాని, అప్పటికే వాహనాలు తిరిగి చెరిగిపోయిన టైరు గుర్తులను ఎవరు తెస్తారు? ప్రాణం పోయిన ప్రతి ప్రమాదంలోనూ, సెక్షన్ ఏదైనా, నిపుణులు రావాలని తెలంగాణ ప్రభుత్వం నిబంధన పెట్టాలి.

రోడ్డు కూడా ఒక సాక్షే. 2019 నవంబరు 4న హైదరాబాద్‌లో ప్రారంభమైన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి అదే నెల 23న కారు కింద పడి, కింద నిలబడి ఉన్న మహిళ చనిపోయింది. వేగం గురించి ఎంత చర్చ జరిగిందో, ఆ వంపు గురించీ అంత జరిగింది. ఫ్లైఓవర్‌ను మూసి, నిపుణులతో పరిశీలన చేయించి, భద్రతా ఏర్పాట్లు పెంచాకే తిరిగి తెరిచారు. డ్రైవరు బాధ్యత దాంతో పోదు. కానీ డిజైన్ గురించి కోర్టులో ప్రశ్న లేవనెత్తే హక్కు అతనికి ఉండాలి. రేపు ఆ వంపులో మనమూ వెళ్లాలి కదా.

ఇంతటి డిఫెన్స్ ఎవరికి అందుతోందన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. ఖరీదైన కారు నడిపినవారికి ముందస్తు బెయిలు పిటిషన్ నుంచి సుప్రీంకోర్టు దాకా న్యాయవాదులు ఉంటారు. లారీ, ఆటో, డీసీఎం డ్రైవర్లకు? కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. కానీ 106(1) కింద స్టేషన్ బెయిలు మీద బయటికి వచ్చిన డ్రైవరు, వేరే అర్హత ఏదీ లేకపోతే, ఆదాయ పరిమితి లోపల ఉన్నట్టు చూపించుకోవాలి. ఓనరు పెట్టిన వకీలు ఓనరు ప్రయోజనాన్నే ముందు చూసుకోవచ్చు. అడ్డంగా పరుగెత్తిన పాదచారి గురించీ, పనిచేయని వీధిదీపం గురించీ అడిగే నాథుడు లేక, నేరం ఒప్పుకుంటే తొందరగా పని అయిపోతుందని నమ్మిన డ్రైవరు జైలుకు వెళ్తే లైసెన్సూ బతుకుతెరువూ రెండూ పోతాయి. నాంపల్లి కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదులను ఈ కేసులకు ప్రత్యేకంగా తర్ఫీదు చేసి, చార్జిషీటు దాకా ఆగకుండా ఎఫ్ఐఆర్ నమోదైన రోజే డ్రైవరుకు ఒకరిని కేటాయించాలి.