కేసులు సరే, ఆ సందు సంగతేంటి?

బహిరంగంగా మందు తాగితే పోలీసులు కేసులు పెడతారని మీ వార్తలో రాశారు, సంతోషమే. కానీ సాయంత్రం ఏడు దాటాక మా ఊరి బస్టాండ్ వెనక సందులోకి ఒక్కసారి వచ్చి చూడండి. వైన్ షాపులో క్వార్టర్ కొని, పక్క బడ్డీలో ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, శనగలు తీసుకుని, మూసేసిన షాపుల మెట్ల మీదే కూర్చుంటారు. ట్యూషన్ నుంచి వచ్చే మా అమ్మాయి ఆ బూతులు వినలేక చుట్టూ తిరిగి వస్తోంది. పొద్దున్నే పూలమ్మే ఆవిడ గాజుపెంకులు ఏరితే గానీ గంప దించలేదు. ఆంధ్రాలో 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం షాపులు మళ్లీ వచ్చాయి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది, తర్వాత పర్మిట్ రూములకూ, అంటే షాపు దగ్గరే కూర్చుని తాగే గదులకూ ఒప్పుకున్నారు, మరి వీళ్లంతా ఇంకా రోడ్డు మీదే ఎందుకున్నారు? తాగినవాడి మీద రెండు రోజులు కేసులు రాసి వదిలేయకండి, షాపు వాళ్లనీ అడగండి. ఆ సందులో లైటు వెలగక ఆర్నెల్లయింది, ముందు అది వేయించండి.