గ్రాఫిక్స్ కార్డుకో గొళ్ళెం కావలెను

వంశధార నీళ్ల తగువు తేల్చడానికి 2010లో ఒక ట్రైబ్యునల్ వేశారు. అంతకంటే జటిలమైన తగువు శ్రీకాకుళం జిల్లా ఇళ్లల్లో రాత్రి భోజనాల వేళ నడుస్తోంది. దానికి మాత్రం ట్రైబ్యునల్ లేదు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే కుర్రాడి గేమింగ్ లాప్‌టాప్‌ని ఎక్స్ఛేంజిలో పడేసి, "ముందుముందు గ్రాఫిక్స్ పెంచుకునే వీలున్న" ఇంకో లాప్‌టాప్ తేవాలా, వద్దా అన్నది వివాదాంశం. వాది కుర్రాడు, ప్రతివాది నాన్న, మధ్యవర్తి మామయ్య. ఎద్దుల బేరంలో ఆయన ఆరితేరినవాడు కాబట్టి న్యాయనిర్ణయానికి తగిన అర్హతే ఉంది.

ఆ అర్హత వల్లే మొదటి ప్రశ్నలోనే కేసు తేలిపోతుంది. "ఒరే గుంటడా, ఆ గ్రాఫిక్సేటో పాతదైపోతే ఊడదీసి కొత్తది ఎట్టలేమేటి?"

ఎట్టలేం. లాప్‌టాప్‌లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు అడుగున సన్నటి టంకం గుళ్లు వందల కొద్దీ ఉండి మదర్‌బోర్డుకు కరిగి అతుక్కుపోతాయి. వీడియో మెమరీ చిప్పులూ దాని చుట్టూ అలాగే అతుక్కుని ఉంటాయి. ఒకప్పుడు కొన్ని భారీ లాప్‌టాప్‌లలో ఎంఎక్స్ఎం అనే విడి కార్డు ఉండేది, ఇప్పుడది దాదాపు కనుమరుగు. ఫ్రేమ్‌వర్క్ 16 అనే లాప్‌టాప్‌కి వెనకవైపు గ్రాఫిక్స్ పెట్టె మొత్తం ఊడొస్తుంది గానీ, ఏడు రోడ్ల కూడలిలో ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా అది అమ్మే దుకాణం రాదు. అయితే షోరూంలో "అప్‌గ్రేడబుల్ సార్" అన్న అబ్బాయి అబద్ధమాడాడా? లేదు. ర్యాం స్లాటు ఖాళీగా ఉంది, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీకి ఇంకో చోటుంది. మనం గ్రాఫిక్స్ అనుకుని తలూపాం. పాపం, ఆయన ఆపలేదు.

కాబట్టి లాప్‌టాప్ ఇచ్చి లాప్‌టాప్ తెచ్చుకుంటే దక్కే అప్‌గ్రేడ్ వీలు ఒక్కటే: మళ్లీ ఎక్స్ఛేంజి.

పోనీ కొత్తదాని పేరు చూసి మురిసిపోదామా అంటే, ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఎన్‌విడియా కంపెనీ డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పు ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, అంటే బొమ్మల లెక్కలు చేసే చిన్నచిన్న కూలీలు. అదే పేరు పెట్టుకున్న లాప్‌టాప్ చిప్పులో 9,728. అది నిజానికి డెస్క్‌టాప్ 4080 కుటుంబపు చిప్పు, దత్తత పోయింది. లాప్‌టాప్ 4060కి కరెంటు కోటా 35 నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, అది కంపెనీ దయ. ఆ కోటా డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి గ్రాఫిక్స్ పవర్ అంకె చూడాలి. 4060 ఇచ్చి, పైన డబ్బు కట్టి 4070 లాప్‌టాప్ తెచ్చుకునే ధర్మాత్ములున్నారు. అందులో 8 జీబీ మెమరీ, ఇందులోనూ 8 జీబీయే. మెమరీ చాలక తడబడే ఆట అక్కడా తడబడుతుంది, కాస్త ఖరీదుగా.

బయటినుంచి డెస్క్‌టాప్ కార్డు తగిలించే విద్య కూడా ఉంది. థండర్‌బోల్ట్ 4 వైరులో 40 గిగాబిట్లు ప్రవహిస్తాయని గొప్ప, కానీ కార్డు వాటాకొచ్చేది 32. బొమ్మను తిరిగి లాప్‌టాప్ తెరకే పంపితే అందులోంచీ కోత పడుతుంది, కాబట్టి విడి మానిటర్ కొనాలి. ఆక్యులింక్ అనే ఇంకో రకం వైరు అయితే 64 గిగాబిట్లు. అయితే చాలా లాప్‌టాప్‌లకు ఎస్ఎస్‌డీ స్లాటులోంచి వైరు లాగి, అడుగు మూత తెరిచే ఉంచాలి. తగిలించేముందు, తీసేముందు షట్‌డౌన్ తప్పదు. కార్డు, దాని పెట్టె, పవర్ సప్లై, మానిటర్, ఇన్నీ కొన్నాక బల్లమీద ఉన్నది డెస్క్‌టాపే. పక్కన పేగులు బయటేసుకున్న లాప్‌టాప్ అదనం.

ఎక్స్ఛేంజి కౌంటర్ దగ్గర సామెత పాతదే: అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఎద్దుకు పళ్లు లెక్కపెట్టినట్టు వాళ్లు బ్యాటరీ రిపోర్టు తీస్తారు, మనమే ముందు తీసుకుంటే మర్యాద. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అంటే డిజైన్ కెపాసిటీ, ఇప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కనే చూపిస్తుంది. రెండోది మొదటిదాంట్లో సగానికొస్తే మాట మనం తక్కువ మాట్లాడటం మంచిది.

అసలు చాలా లాప్‌టాప్‌లకు ముసలితనం కాదు, మురికి పట్టింది. మన తీరంలో ఉక్కపోత, ఉప్పుగాలి, దుమ్ము కలిసి ఫ్యాన్ వెనక రెక్కల మధ్య దుప్పటి నేస్తాయి. మూత స్క్రూలు ఒక్కో పొడవులో ఉంటాయి, కాగితం మీద బొమ్మగీసి వాటి చోటే గుచ్చాలి. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి. చిప్పు వేడిని హీట్‌సింక్ అనే లోహపు పలకకు అందించే పేస్టు మార్చేవాళ్లు, పక్కనుండే థర్మల్ ప్యాడ్ల (వేడిని దాటించే మెత్తటి పట్టీల) మందం పాతదానికి సమానంగా చూసుకోవాలి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్పును తాకదు, శుభ్రం చేశాక వేడి పెరుగుతుంది, నింద పేస్టు మీద పడుతుంది. లోపల వెండిలా మెరిసే లిక్విడ్ మెటల్ కనిపిస్తే దండం పెట్టి మూత వేసేయండి, అది కరెంటును పారిస్తుంది. ఒక్క 8 జీబీ ర్యాం కర్రతో నడిచేదానికి అదే రకం రెండో కర్ర పెడితే ఆట కుదుపులు తగ్గుతాయి. ఇదంతా ఎక్స్ఛేంజి నష్టంతో పోలిస్తే చిల్లర, అందుకే ఎవరూ చెయ్యరు.

ఏడాది పొడుగునా ఛార్జర్‌తో బల్లకు కట్టేసిన లాప్‌టాప్ అయితే అమ్మేసి డెస్క్‌టాప్ కొనడమే సబబు. "తిత్లీ తుపాను మర్చిపోయారా, కరెంటు పోతే?" అని నాన్న అడ్డుపడతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపానుకు జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉంది, నిజమే. కానీ బ్యాటరీ మీద గేమింగ్ లాప్‌టాప్ గ్రాఫిక్స్ కోటా కోసేసుకుంటుంది. ఆట గంటసేపు కూడా నిలవడం కష్టం.

డెస్క్‌టాప్‌లో కార్డు మార్చడానికి ఒకటి రెండు స్క్రూలు, స్లాటు చివర ఒక గొళ్ళెం. పదిహేను నిమిషాల పని. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు పవర్ సప్లై దగ్గర పిసినారితనం చేస్తేనే చెడుతుంది. ఆర్‌టీఎక్స్ 5060 తినేది 145 వాట్లు, దానికి కంపెనీ అడిగేది 550 వాట్ల సప్లై. ఆఫీసుల్లోంచి వచ్చిన సన్నటి పాత డబ్బాలు చవకే, కానీ చాలావాటి సప్లై చిన్నది, ఆ కంపెనీ ఆకారంలోదే, కార్డుకు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు ఉండదు. ఇక అన్నీ సరిగ్గా కుదిరాక మానిటర్ వైరును కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకే గుచ్చి, "కొత్త కార్డులో తేడా ఏటీ లేదు" అని ప్రకటించే సంప్రదాయం ఒకటుంది. దాన్ని కాపాడుకోనక్కర్లేదు.

దసరా సెలవులకు డెస్క్‌టాప్ డబ్బాను విశాఖ హాస్టల్ నుంచి బస్సులో ఇంటికి తెచ్చేవారు కార్డు ఊడదీసి విడిగా పట్టుకోవాలి. గతుకుల్లో దాని బరువుకు స్లాటు విరగొచ్చు. గాజు పలకున్న డబ్బాను సీటు కింద పెట్టి, కార్డును తువ్వాల్లో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, రణస్థలం దాటేలోపు కండక్టరు వచ్చి ఐదేళ్లు నిండాయా అని అడుగుతాడు.