భయం ఉన్నంతసేపే ఆ హక్కు

పలమనేరు దాటి కౌండిన్య అడవి వైపు వెళ్లే దారిలో, ఒక వేరుశనగ చేను గట్టు మీద ఆ మధ్య కాసేపు కూర్చున్నాను. చేను చుట్టూ మోకాలి ఎత్తున సన్నని ఇనుప తీగ, పది అడుగులకొక వెదురు గుంజ. తీగ కొస మోటారు షెడ్డులోని స్టార్టరు డబ్బా దాకా పాకింది. పొద్దు గుంకగానే స్విచ్ వేస్తారు, తెల్లవారాక తీసేస్తారు. అడవి పందుల కోసమేనని చెప్పాడు రైతు. మనిషి తగిలితే ఏమవుతుందని అడిగితే తడుముకోలేదు. "అర్ధరాత్రి నా చేలోకి మనిషి ఎందుకు వస్తాడు సార్? వచ్చాడంటే దొంగే. నా చేనును కాపాడుకునే హక్కు నాకు లేదా?"

ఉంది. ఆత్మరక్షణ హక్కు పేరుతో చట్టంలో రాసే ఉంది. ఎంతవరకు ఉందన్నదే పేచీ.

ఎదురుగా ఉన్నది మృగమైతే లెక్క కొంత సులువు. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక దారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టనబెట్టుకున్నాక, నడిచి వెళ్లే భక్తుల చేతికి కర్రలిస్తామని టీటీడీ ప్రకటించింది. చిరుతకు కర్ర చూపిస్తారా అని నవ్వినవాళ్లు నవ్వారు. నాకైతే అందులో నవ్వడానికేమీ కనిపించలేదు. ఒట్టి చేతులతో కొండెక్కడం కన్నా అదే నయం. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో మృగాన్ని గాయపరిచినా, చంపినా నేరం కాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. ఎదురుగా మనిషి ఉంటేనే చట్టం నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు కొత్తదాంట్లో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. అంకెలు మారాయి గానీ సారం దాదాపు అదే. ప్రాణం పోతుందన్న భయం, తీవ్ర గాయమవుతుందన్న భయం, అత్యాచారం, అసహజ లైంగిక దాడి, అపహరణ, పోలీసుల సాయం కోరే వీలే లేని నిర్బంధం, యాసిడ్ దాడి. ఈ ఏడు సందర్భాల్లో దాడి చేసినవాడి ప్రాణం పోయినా నేరం కాదని 38వ సెక్షన్ అంటోంది. వీటిలో యాసిడ్ దాడిని చేర్చింది 2013లోనే. అంతకుముందు దాన్ని తీవ్ర గాయం కింద వాదించుకోవలసి వచ్చేది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జాబితాలో ఉందా, ఉంది, కాబట్టి చంపవచ్చు అనుకుంటారు. దాని ముందే కూర్చున్న 37వ సెక్షన్‌ను దాటేస్తారు. రక్షణకు ఎంత అవసరమో అంతకుమించి హాని చేయకూడదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. ఆ రెండు వాక్యాలను పక్కన పెట్టి 38ని చదవడం గొళ్లెం లేని తలుపును నమ్ముకోవడమే.

నా మటుకు నేను ఈ సెక్షన్లన్నిటినీ కలిపి చూస్తే కనిపించేది ఆయుధం కాదు, కాలం. చేతిలో ఏముంది, ఇల్లు ఎవరిది అన్నవి తర్వాతి సంగతులు. చట్టం మొదట చూసేది, కొట్టిన ఆ క్షణంలో ప్రమాదం బతికి ఉందా లేదా అన్నది. ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు పుడుతుంది, మొదటి దెబ్బ పడేదాకా ఆగనక్కరలేదు. ఆ భయం తీరగానే హక్కూ పోతుంది. కత్తి ఎత్తినవాడి తల మీద రోకలితో కొట్టడం ఆత్మరక్షణ. కత్తి జారిపోయి వాడు గోడ దూకి పారిపోతుంటే వెంటపడి కొట్టడం వేరే కథ. సదుద్దేశంతో, ముందుగా అనుకోకుండా హద్దు దాటితే 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు హత్య అన్న ముద్రను తప్పిస్తుంది, హత్య కిందకు రాని నరహత్యగా లెక్కిస్తుంది. పగతో కొడితే అదీ దక్కదు. వీధిలో తిరిగే కొత్త మనిషిని పిల్లలను ఎత్తుకెళ్లేవాడని పట్టి, స్తంభానికి కట్టేసి కొట్టేవాళ్లు కూడా ఈ మాటే చెప్పుకుంటారు. తాడు ముడి పడ్డాక ఎవరికి ఎవరి నుంచి రక్షణ?

అలాగని చట్టం మనల్ని పారిపొమ్మనదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి వివరంగానే చెప్పింది. పంజాబులో పొలం తగాదా. తండ్రి తల మీద పదునైన ఆయుధంతో దెబ్బ పడితే కొడుకు తుపాకీ పేల్చాడు, కొట్టినవాడు చనిపోయాడు. హైకోర్టు దోషి అన్నది, సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరూ త్రాసు పట్టుకొని దెబ్బకు దెబ్బ తూచరు కదా అన్నది ఆ తీర్పులోని సారాంశం.

మళ్లీ మన రైతు దగ్గరకు వద్దాం. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ ఉంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపల ఇంటికి కన్నం వేయడం, మనుషులుండే ఇంటికి గానీ సామాను దాచుకునే కట్టడానికి గానీ నిప్పు పెట్టడం వంటి సందర్భాల్లో ప్రాణం తీసేదాకా హక్కు వెళుతుంది. మామూలు దొంగతనమైతే, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం తోడైతేనే. నాలుగు వేరుశనగ మొక్కలు పీకేవాడు దాని కిందకు రాడు, చేను ఇల్లూ కాదు.

పైగా తీగకు కళ్లు లేవు. అది చీకట్లో దొంగనూ, బర్రెను వెతుక్కుంటూ వచ్చిన పక్క చేను మనిషినీ, ఆరుబయటకు వచ్చిన ఆడమనిషినీ వేరు చేయలేదు. ఎదుటివాణ్ని చూసి, భయపడి, ఆ భయం మేరకు చేసేది ఆత్మరక్షణ, తీగ భయపడదు. ఇది నా కవిత్వం కాదు, 1963లోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బీహారులో చెరూబిన్ గ్రెగరీ అనే వ్యక్తి తన మరుగుదొడ్డి దారిలో కరెంటు తీగ కట్టాడు. తమ మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో దాన్ని వాడుకుంటున్న పొరుగింటి ఆడమనిషి తగిలి చనిపోయింది. నా ఆస్తిని కాపాడుకున్నానని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టానికి వెలి కాడంది, నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైనందుకు ఐపీసీ 304ఎ కింద శిక్షను ఖాయం చేసింది. ఆ తీర్పుకు అరవై ఏళ్లు దాటాయి. మన మండలాల్లో తీగలు మాత్రం ఏటా కొత్తవి కడుతూనే ఉన్నారు.

రైతు మాటే ఇంకో గొంతుతో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఒకసారి వినిపించింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవుల్లో 20 మంది పోలీసు, టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవారే. ఎర్రచందనం కూలీలు గొడ్డళ్లు, రాళ్లతో మీదపడితే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. అంతకు ముందటి ఏడాదిన్నరలోనే, 2013 డిసెంబరులో, ఇద్దరు అటవీ అధికారులను ఇదే అడవుల్లో స్మగ్లర్లు చంపారు. కాబట్టి భయానికి ఆధారమే లేదనలేం. మరోపక్క, తమ వారిని బస్సులోంచి దించి పట్టుకెళ్లారని ప్రాణాలతో బయటపడినవారు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పారు. ఏది నిజమో నేను తేల్చలేను. కాలం లెక్క మాత్రం ఇక్కడా అదే. పట్టుబడ్డ మనిషి నుంచి ప్రమాదం ఎంత మిగిలింది? యూనిఫారం వేసుకున్నవాడికి ఆత్మరక్షణలో అదనపు వాటా ఏమీ లేదు. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌కౌంటర్ మరణాలన్నింట్లో ఎఫ్ఐఆర్ నమోదు కావాలని, దర్యాప్తు సీఐడీగానీ మరో స్టేషను పోలీసులుగానీ చేయాలని, మెజిస్టీరియల్ విచారణ జరగాలని మార్గదర్శకాలిచ్చింది. కాల్చినవాడి మాటే తుది మాట కారాదనే.

సామాన్యుడికి ఇందులో ఒక ఊరట, ఒక హెచ్చరిక ఉన్నాయి. తాను కొట్టింది ఆత్మరక్షణకేనని చూపించవలసిన భారం నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని అనిపిస్తే చాలు. నోరు విప్పి అడగకపోయినా సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు దాన్ని పరిగణించవచ్చు. ఒంటి మీది దెబ్బలకు ఆసుపత్రి కాగితం, ఆ రాత్రే స్టేషనుకు చేసిన ఫోను, పగిలిన తలుపు ఫొటో ఇలాంటప్పుడే పనికొస్తాయి. నెల రోజులు దాక్కొని వచ్చి ఆత్మరక్షణ అంటే జడ్జిగారి కనుబొమ్మ లేస్తుంది.

ఇదంతా ఆ గట్టు మీద రైతుకు అడ్డదిడ్డంగానే చెప్పాను. విన్నాడు. "కరెంటు తీసేస్తాను సరే, రాత్రి కాపలాకు సర్కారు మనిషిని పంపుతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వారం తర్వాత ఆయన కొడుకు ఫోను చేశాడు. స్టార్టరు నుంచి తీగ విప్పేసి, ఇంట్లోని పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టారట. రెండు రాత్రులు పందులు రాలేదట. మూడో రాత్రి వచ్చాయట.