పెట్ బుక్స్ దండగ అన్న ఆ మెసేజ్ ఇంక పంపొద్దండప్పా

పది రోజుల్లో ఐదుసార్లు వచ్చింది నాకీ మెసేజ్. ప్రొద్దుటూరు ఫ్రెండ్ ఒకసారి, ఆఫీసులో పక్క సీటతను ఒకసారి, అనంతపురం పాత నెట్‌సెంటర్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, ఆఖరికి మొన్న రాత్రి కర్నూల్లో డిగ్రీ చదివే మా అక్క కొడుకు. "వార్‌లాక్ ఆడేవాళ్లకు ఆరు బంగారు సూత్రాలు" అని పేరు, పక్కన మంట బొమ్మలు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట పాత రూపం, వావ్ క్లాసిక్ గురించే. వార్‌లాక్ అంటే అందులో దయ్యాన్ని పిలిచి కొట్లాటకు వాడుకునే మాంత్రికుడు. ఆ దయ్యమే పెట్, దానికి విద్యలు నేర్పేవి పెట్ బుక్స్. 2019 ఆగస్టులో క్లాసిక్ తెరిచిన వారం నుంచి నేను ఆడేది వార్‌లాకే, ఇంకో క్లాస్ ముట్టలేదు. అందరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఒక్కసారే ఇక్కడ రాస్తున్నా.

ఒకటో సూత్రం, పెట్‌ను ఎప్పుడూ అగ్రెసివ్‌లో పెట్టమని. పెట్టొద్దు. దారిన పోయే ప్రతిదాని మీదికీ ఎగబడి, మీరు నీళ్లు తాగి మానా (మంత్రశక్తి) నింపుకునే లోపల ఇంకో మూడింటిని వెంటేసుకొస్తుంది. డిఫెన్సివ్ (మన మీద పడ్డవాళ్లనే కొట్టడం) లేకపోతే పాసివ్ (చెబితేనే కదలడం), అంతే.

రెండోది, హెల్త్ ఫన్నెల్ ఆపకుండా పెట్‌కి పోస్తూనే ఉండమని. అది మీ ప్రాణం తీసి దానికి పోయడం. కొట్లాట మధ్యలో పెట్ పడిపోయేట్టుంటే సరే, అయిపోయాక మాత్రం వాయిడ్‌వాకర్‌కి (మన ముందు నిలబడి దెబ్బలు తినే నీలం దయ్యం) 18వ లెవెల్ నుంచి కన్స్యూమ్ షాడోస్ ఉంది, తన గాయాలు తనే మాన్పుకుంటుంది. ఇది కూడా బుక్ కొని నేర్పాల్సిందే, అందుకే ఆ మెసేజ్ రాసినతనికి దాని సంగతే తెలిసినట్టు లేదు.

అసలు కోపం మూడోదాని మీద. "పెట్ లెవెల్ నీతో పాటే పెరుగుతుంది, పెట్ బుక్స్ మీద గోల్డ్ తగలేయకు, 40లో గుర్రానికి దాచుకో." మొదటి ముక్క నిజమే. లెవెల్ పెరిగితే పెట్ ప్రాణం పెరుగుతుంది, ఆర్మర్ పెరుగుతుంది. దాని విద్య పెరగదు. శత్రువును తనవైపు తిప్పుకునే టార్మెంట్ 10వ లెవెల్లో ఏ ర్యాంకులో వచ్చిందో, మీరు బుక్ కొనకపోతే 60లోనూ అదే ర్యాంకులో ఉంటుంది. 20, 30, 40, ఇట్లా పది లెవెల్స్‌కి ఒక కొత్త ర్యాంకు ఉంది. అది కొనలేదంటే మీరు విసిరే మంత్రం, షాడో బోల్ట్ బలం పెరుగుతూ పోతుంది, పెట్ మాత్రం పదో లెవెల్ కేకలే వేస్తూ నిలబడుతుంది.

మా అల్లుడిది ఇదే కథ. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, "మామా, నా నీలం దయ్యం ఎవర్నీ పట్టుకోవడం లేదు, ఈ క్లాసే వేస్ట్, మేజ్ చేసుకుంటా" అన్నాడు. మేజ్ అంటే పెట్ లేని ఇంకో మాంత్రికుడి క్లాస్. స్క్రీన్ షేర్ పెట్టమన్నా. 29వ లెవెల్, డస్క్‌వుడ్‌లో రేవెన్ హిల్ శ్మశానం. పెట్‌ను ఉసిగొల్పాడు, వెంటనే కరప్షన్, కర్స్ ఆఫ్ అగోనీ అనే రెండు శాపాలు, ఒక షాడో బోల్ట్. రెండో బోల్ట్ క్రిట్ అయింది, అంటే మామూలుకంటే గట్టిగా తగిలింది. అంతే, అది పెట్‌ను వదిలేసి గిరుక్కున వీడివైపు తిరిగింది. వీడు వెనక్కి పరిగెత్తాడు, పరుగులో ఇంకో రెండు తగులుకున్నాయి, పది సెకన్లలో చచ్చాడు, స్క్రీన్ బూడిద రంగు. స్పెల్‌బుక్‌లో పెట్ ట్యాబ్ తెరవరా అన్నా. టార్మెంట్, ర్యాంక్ 1. పంతొమ్మిది లెవెల్స్ మోసుకొచ్చాడు దాన్ని, ఆ మెసేజ్‌ని నమ్మి.

లెక్క చూడండి. శత్రువుకు ఎవరి మీద ఎంత కోపం ఉందో అదే అగ్రో. దూరం నుంచి కొట్టేవాడు పెట్ అగ్రోకి 130 శాతం దాటితే శత్రువు వాడివైపు తిరుగుతాడు, దగ్గరగా నిలబడితే 110 శాతం చాలు. అంటే పెట్ ఎంత కూడబెడితే మీకు అంత జాగా. ర్యాంక్ 1 టార్మెంట్ కూడబెట్టే కొసరంతా 29వ లెవెల్ షాడో బోల్ట్‌లు రెండు పడితే చెల్లిపోతుంది. తప్పు పిల్లోడిది కాదు, క్లాస్‌ది కాదు.

ఇంక గుర్రం ముచ్చట. మిగతా క్లాసుల్లో చాలామందికి 40లో గుర్రమూ స్వారీ విద్యా కలిపి దాదాపు వంద గోల్డ్ అవుతుంది, నిజమే. వార్‌లాక్‌కి ఫెల్‌స్టీడ్ క్లాస్‌తోనే వస్తుంది! కొనాల్సిన పనే లేని గుర్రం కోసం గోల్డ్ దాచమని చెప్పేవాడు 40వ లెవెల్ వార్‌లాక్‌ను ఎప్పుడైనా చూశాడా? చూడకుండానే సూత్రాలు రాసి ఊరంతా పంచుతాడా? ఆ మాట నమ్మి పిల్లోళ్లు చచ్చి చచ్చి విసుగొచ్చి క్లాస్ వదిలేస్తున్నారు, నాకు మండేది అక్కడ.

బుక్స్ స్టార్మ్‌విండ్ నగరంలో స్లాటర్డ్ ల్యాంబ్ అనే సత్రం కింది నేలమాళిగలో దొరుకుతాయి. వాయిడ్‌వాకర్‌ను బయటికి పిలిచి ఉంచి వాడాలి. ఒకసారి నేర్పితే పెట్ చచ్చి మళ్లీ పిలిచినా మర్చిపోదు. ముందు టార్మెంట్, తర్వాత సాక్రిఫైస్, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు పెట్‌ను బలిచ్చి 30 సెకన్ల షీల్డ్ తెచ్చుకునేది దాంతోనే. కన్స్యూమ్ షాడోస్ పై ర్యాంకులు నిదానంగా కొన్నా నష్టం లేదు.

నాలుగోది, డాట్స్‌కి (కరప్షన్, అగోనీ లాగా కొంచెం కొంచెంగా దెబ్బతీసే మంత్రాలు) అగ్రో రాదు కాబట్టి పెట్‌తో పాటే మొదలుపెట్టమని. ఎందుకు రాదు? ప్రతి టిక్‌లో పడే దెబ్బ అగ్రోనే, కాకపోతే నిదానంగా ఎక్కుతుంది. టార్మెంట్ ఐదు సెకన్లకోసారి పడుతుంది. రెండు పడేదాకా చేతులు కట్టుకుని నిలబడండి, తర్వాత డాట్స్, బోల్ట్‌లు ఆఖర్న. మన దేశంలో సర్వర్ లేదు, నా పింగ్ (మనం నొక్కింది సర్వర్‌కి చేరి తిరిగొచ్చే ఆలస్యం) రెండొందల మిల్లీసెకన్లకు తగ్గదు. మనం ఇంకొంచెం ఎక్కువే ఆగాలి.

ఐదోది, టార్మెంట్ డంజన్లో (ఐదుగురు కలిసి పోయే చోటు) కూడా ఆన్‌లోనే ఉంచితే టాంక్‌కి, అంటే గుంపు కోసం ముందు నిలబడి దెబ్బలు తినేవాడికి, సాయం అట. సాయం కాదు సామీ, అడ్డం. వారియర్ టాంక్‌కి రేజ్ (విద్యలు వాడే శక్తి) వచ్చేది దెబ్బలు తినడం వల్ల, కొట్టడం వల్ల. మీ పెట్ శత్రువును లాక్కుంటే అతనికి ఆ దెబ్బల రేజ్ ఆగిపోతుంది, హీలర్ పెట్ మీద మానా పోయాలి, ముఖం తిరిగిన శత్రువు వెనకున్నవాళ్లను కోస్తాడు. ఐకాన్ చుట్టూ పసుపు మెరుపు తిరుగుతుంటే ఆటోకాస్ట్ (దానంతటదే పడటం) ఆన్‌లో ఉన్నట్టు, రైట్ క్లిక్ చేస్తే ఆగుతుంది. లోపలికి పోగానే ఆపండి, బయటికి రాగానే పెట్టండి. నోమరెగన్ అనే డంజన్లో పైనుంచి దూకే ముందు పెట్‌ను డిస్మిస్ చేసి వెనక్కి పంపేయండి కూడా. అది మీతో దూకదు, మెట్ల దారంతా చుట్టి, దారిలో ఉన్నవాళ్లందర్నీ లేపుకొని వస్తుంది. ఒక రాత్రి నా పెట్ అట్లా తెచ్చిన గుంపుకి ఐదుగురమూ చచ్చాం, నలుగురు ఒక్క మాట అనకుండా గ్రూప్ వదిలి వెళ్లిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆరోది, 60కి వచ్చాక రెయిడ్‌లో (పెద్ద గుంపుగా చేసే దాడి) పెట్ దండగ, బలిచ్చెయ్యమని. ఇది కరెక్ట్. నాకు ఇష్టం లేకపోయినా కరెక్టే. డెమానిక్ సాక్రిఫైస్ టాలెంట్‌తో సక్యుబస్ అనే ఇంకో పెట్‌ను బలిస్తే అరగంట పాటు షాడో దెబ్బ 15 శాతం పెరుగుతుంది, మోల్టన్ కోర్ అనే రెయిడ్‌లో 40 మంది మధ్య, ఆ మంటల్లో, పెట్ బతికి ఉండి చేసేది అంతకంటే తక్కువ. ఇన్ని లెవెల్స్ పెట్‌నే నమ్ముకుని, ఇప్పుడు పెట్‌ను పిలిచి చంపడమేంటని మూడు నెలలు మొండికేశా. డ్యామేజ్ లిస్టులో అడుగున ఉండుండి ఆఖరికి ఒప్పుకున్నా.

మా అల్లుడు ఆ రాత్రే స్టార్మ్‌విండ్‌కి పోయి ర్యాంక్ 2 కొన్నాడు, 30 రాగానే ర్యాంక్ 3. నిన్న అదే శ్మశానంలో గంటసేపు ఆడి ఒక్కసారి కూడా చావలేదు. మేజ్ మాట ఎత్తలేదు. ఇంక ఆ మెసేజ్ ఎవరికైనా పంపాలని ఉంటే, ఆరోది ఒక్కటే ఉంచి పంపండి.