అన్నీ మోకాలి ఖాతాలోనే రాసేస్తే ఎలా?

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు మా పెద్దమ్మ మంచం మీద కాలు చాచుకుని వ్యాయామం చేస్తోంది. మడమను వెనక్కి లాక్కుంటూ ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. ముందు రోజు దాకా పది అంకెలూ ఒక్క ఊపిరిలో చెప్పేది. ఆ రోజు నాలుగు దగ్గర ఆగి, గాలి పీల్చుకుని, అప్పుడు ఐదు అంది. ఏమైంది పెద్దమ్మా అంటే "ఏం లేదురా, నీరసం, అంతే" అంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "ఆపరేషన్ అయ్యాక కాస్త ఆయాసం మామూలే, ఎక్సర్‌సైజులు మాత్రం ఆపొద్దు" అన్నారు. మర్నాడు తెల్లవారుజామున బాత్రూమ్ నుంచి మంచం దాకా నడవలేక, మధ్యలోనే వాకర్ పట్టుకుని నిలబడిపోయింది. పెదాలు నీలం తిరిగాయి. పిక్కలో పుట్టిన రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల్లోకి చేరాయని స్కానింగ్‌లో తేలింది. ఐదు రోజులు ఐసీయూలో ఉండి బయటపడింది. ఆ ఫోన్‌లో మాట్లాడినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల నోట అంత సులువుగా వచ్చిన "మామూలే" అన్న మాట మీదే ఉంది.

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఏ బాధ వచ్చినా దానికి ముందే ఒక కారణం రెడీగా ఉంటుంది. కాలు వాచిందా, కోసిన కాలు వాచదా మరి. ఒళ్లు వెచ్చబడిందా, గాయం మానుతోంది. మాట తేడాగా ఉంది, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తులేదు అంటే నొప్పి మాత్రల మత్తు. మూత్రం తగ్గితే నీళ్లు సరిగ్గా తాగట్లేదు, మోషన్ నల్లగా అయితే ఐరన్ మాత్రలు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, ఎక్కువమంది విషయంలో నిజమే కూడా. అందుకే ఇంత ప్రమాదం. అదే వాపు గడ్డకట్టిన రక్తం వల్ల రావచ్చు, అదే తడబాటు సెప్సిస్‌కు, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలన్నీ దెబ్బతినే స్థితికి, మొదటి సూచన కావచ్చు, నొప్పి మాత్రలూ రక్తం పలచబడే మందూ కలిసి కడుపులో రక్తస్రావం తెచ్చినా మోషన్ నల్లగానే ఉంటుంది. మోకాలు అడ్డం నిలబడి వెనకున్నదంతా కనబడకుండా చేస్తోంది.

గడ్డల సంగతి కొత్త విషయమేమీ కాదు. ఊపిరితిత్తుల్లో చిక్కుకునే గడ్డలు చాలావరకు కాళ్ల సిరల్లో పుట్టి కొట్టుకొచ్చినవేనని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో 19వ శతాబ్దంలోనే చూపించారు. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13నే ఇప్పుడు ప్రపంచ థ్రాంబోసిస్ (రక్తనాళాల్లో గడ్డలు కట్టడం) దినంగా జరుపుతున్నారు. రక్తం కదలకుండా నిలవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అని మూడు కారణాలు ఆయన పేరు మీదే చెబుతారు. మోకాలి మార్పిడిలో ఈ మూడూ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి. చాలాసార్లు తొడకు పట్టీ బిగించి రక్తప్రవాహం ఆపి ఆపరేషన్ చేస్తారు, ఎముక కోస్తారు, ఆ తర్వాత మనిషి రోజుల తరబడి మంచానికి అతుక్కుపోతాడు, నడిచేటప్పుడు రక్తాన్ని పైకి నెట్టాల్సిన పిక్క కండరం పని మానేస్తుంది. గడ్డలు కట్టకుండా ఇచ్చే నివారణ మందులు లేకుండా పరీక్షించి చూసిన పాత అధ్యయనాల్లో సగానికి అటూ ఇటుగా రోగుల కాళ్లలో గడ్డలు కనిపించాయి. ఎక్కువ వాటికి లక్షణాలే లేవు. మందులు వచ్చాక ప్రాణం మీదికి తెచ్చే గడ్డలు బాగా తగ్గాయి, నూటికి ఒకరి కంటే తక్కువ మందికే ఊపిరితిత్తుల దాకా వెళ్తున్నాయి. తగ్గాయి సరే, పోలేదు కదా.

అసలు నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఇంకొకటుంది. కొన్ని దశాబ్దాల క్రితం మోకాలి మార్పిడి అయితే వారం, రెండు వారాలు ఆసుపత్రిలోనే ఉంచేవారు. ఇప్పుడు రెండు మూడు రోజుల్లో పంపేస్తున్నారు, కొన్నిచోట్ల అదే రోజు సాయంత్రం ఇంటికే. త్వరగా లేపి నడిపించడం మంచిదే, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ శరీరం తన టైమ్‌టేబుల్ మార్చుకోలేదు. గడ్డల ముప్పు వారాల పాటు ఉంటుంది, అందుకే అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో నివారణ మందు కనీసం 10 నుంచి 14 రోజులు, వీలైతే 35 రోజుల దాకా వాడమని రాశారు. ఇన్ఫెక్షన్ అయితే ఇంకా తర్వాత కూడా తల ఎత్తుతుంది. అంటే ఒకప్పుడు వార్డులో నర్సు కళ్లముందు జరిగినవి ఇప్పుడు పడకగదిలో జరుగుతున్నాయి. గంటకోసారి నాడి చూసే పని, ఊపిరి లెక్కపెట్టే పని, మాట తేడాను పట్టే పని కొడుక్కో కూతురికో కోడలికో వచ్చి పడింది, ఆ పని తమదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా పెద్దమ్మ డిశ్చార్జ్ కాగితాలు నాలుగు పేజీలు. అమర్చిన కీలు సైజు ఉంది, కాలు ఎన్ని డిగ్రీలు వంగాలో ఉంది, కుట్లు విప్పే తేదీ ఉంది. ఆయాసం అన్న మాట ఎక్కడా లేదు.

సెప్సిస్ విషయంలో ఈ లోటు మరీ ఘోరం. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.9 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రికలో 2020లో వచ్చిన అంచనా చెబుతోంది. ఇంట్లోవాళ్లు చూసేదేమో థర్మామీటర్. నొప్పికి ఆరు గంటలకోసారి వేసే పారాసెటమాల్ జ్వరాన్ని కూడా అణిచేస్తుంది, పైగా పెద్దవయసులో సెప్సిస్ వచ్చినా కొందరికి జ్వరమే రాదు. థర్మామీటర్ నార్మల్ అని చూపిస్తుంటే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, అవతల మనిషి ఊపిరి మాత్రం నిమిషానికి ముప్పై దాటుతుంటుంది.

దీనికి సర్జన్లు చెప్పే సమాధానం నాకు తెలుసు. ఇవి అరుదు, ఇలా భయపెడితే నడవలేక నానా అవస్థ పడుతున్నవాళ్లు మంచి ఆపరేషన్‌కు దూరమైపోతారు, ప్రతి వాపుకూ జనం ఎమర్జెన్సీకి పరిగెత్తుకొస్తే అసలైన రోగికి చోటుండదు అంటారు. మోకాలి మార్పిడి గొప్ప ఆపరేషన్ అన్నది నేను ఒప్పుకుంటాను, పెద్దమ్మ ఈరోజు మెట్లెక్కుతోంది. కానీ చెప్పడం వేరు, భయపెట్టడం వేరు. ఏది ఆగొచ్చు, ఏది ఆగకూడదు అని తెలియనివాడే ప్రతిదానికీ టెన్షన్ పడి పరిగెత్తుకొస్తాడు, లేదా అసలు రాడు.

ఇక్కడ మోకాలిని దాటి ఒక మాట అనాలి. వైద్యం అవయవాల వారీగా పంచేసుకున్నాక మొత్తం మనిషిని చూసే బాధ్యత ఎవరిదన్నది తేలకుండా పోయింది. ఎముకల డాక్టర్‌కు కీలు, గుండె డాక్టర్‌కు గుండె. ఆరు వారాలకు చెకప్‌కు తీసుకెళ్తే సర్జన్ కాలు వంచి చూసి చాలా బాగుంది అన్నారు, నిజంగానే బాగుంది. ఊపిరితిత్తుల గడ్డల మాట ఆయన ఫైల్‌లో లేదు, అది వేరే విభాగం ఫైల్. ఆ రెండు ఫైళ్లనూ కలిపి చదివే మనిషి ఇంట్లో ఉన్నాడు, అతని మాటకు మాత్రం విలువ లేదు.

ఆ మాటకు విలువ ఇవ్వడం కుదరని పనేమీ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2007లో ర్యాన్ సాండర్స్ అనే మూడేళ్లు కూడా నిండని పిల్లాడు ఇన్ఫెక్షన్ గుర్తించక చనిపోయాడు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెప్పినా ఫలితం లేకపోయింది. ఆ తర్వాత 2013లో అక్కడ ర్యాన్స్ రూల్ వచ్చింది. ఇంగ్లండ్‌లో 2021లో 13 ఏళ్ల మార్తా మిల్స్ సెప్సిస్‌తో పోయింది. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది, 2024లో మార్తాస్ రూల్ అమలు మొదలైంది. రెండింటి సారం ఒకటే: మా మనిషికి బాగోలేదు, ఇంకో డాక్టర్ వచ్చి చూడాలి అని కుటుంబం అడిగితే ఆసుపత్రి చూడాల్సిందే. ఇద్దరు పిల్లలు పోతే గానీ ఇంత చిన్న హక్కు రాలేదు, అది కూడా ఆసుపత్రి గుమ్మం లోపలి వరకే.

అది గుమ్మం దాటి ఇంటిదాకా రావాలి. డిశ్చార్జ్ కాగితం మొదటి పేజీలో, కీలు సైజు కంటే పైన, రాయాలి: కొత్తగా వచ్చిన ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక పిక్క గట్టిపడి రెండోదానికంటే లావవడం, మాట తడబాటు, మూత్రం తగ్గిపోవడం, నల్లటి మోషన్. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి రండి అని. పక్కనే రాత్రి రెండింటికి కూడా ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి. ఆ ఫోన్ ఎత్తే మనిషి మామూలే అనే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: నిన్న ఎలా ఉన్నారు, ఇవాళ ఎలా ఉన్నారు? ఆ రోజు అదొక్కటి అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి, నిన్న పది, ఇవాళ నాలుగు అని.