పికప్ కొనేవారు రంగునూ చక్రాలనూ ఎండలో నిలబడి ఎంచుకోవాలి

కొత్త పికప్ కొనేవారిలో చాలామంది ఇంజను గురించి, మైలేజీ గురించి నెలల తరబడి ఆరా తీస్తారు కానీ, రంగూ చక్రాలూ మాత్రం షోరూంలో కాఫీ తాగేంత సేపట్లో తేల్చేస్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇంజనులో లోపముంటే వారంటీ ఆదుకుంటుంది. రంగు, చక్రాలు మన నేలకూ మన పనికీ సరిపడనివైతే, బండి మన దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ ఖర్చు మన జేబులోంచే పోతుంది.

మాది పల్నాడులో మిరప, పత్తి పండించే కుటుంబం. ఈ వేసవిలో ఇంటికి ఒక పికప్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్, 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్, ఈ రెండింటి మధ్యే చర్చ నడుస్తోంది. మా బాబాయిగారి అబ్బాయికి మాత్రం ఏ బండి అయినా ఫర్వాలేదు, నలుపు రంగు ఉండాలి, దానికి 20 అంగుళాల నల్లటి మిశ్రలోహపు చక్రాలు, అంటే అల్లాయ్‌లు వేయించాలి. వాడికి చెప్పిన కారణాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పికప్ కొనాలనుకునే కుర్రవాళ్లలో ఎక్కువమంది కోరిక అదే.

ముందు రంగు సంగతి. రెంటచింతల ఎండ గురించి తెలిసినవారికి నలుపు రంగు ఏం చేస్తుందో చెప్పనవసరం లేదు, అయినా కొలిచి చూపిన లెక్క ఒకటుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2011లో వెలువరించిన పరిశోధనలో, ఒకే రకం కార్లు రెండింటిని, ఒకటి నలుపు, ఇంకొకటి వెండి రంగు, కాలిఫోర్నియా ఎండలో గంటసేపు నిలిపి చూశారు. వెండి రంగు కారు పైకప్పు నలుపుదానికంటే 25 డిగ్రీల వరకు చల్లగా ఉంది, లోపలి గాలిలో తేడా 5 నుంచి 6 డిగ్రీలు. మార్కెట్ యార్డు బయట మధ్యాహ్నమంతా నీడ లేకుండా నిలబడే బండికి ఆ తేడా చిన్నది కాదు. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వారు ప్రమాదాల వివరాలు పరిశీలించి, పగటి వేళ తెల్ల బండ్లతో పోల్చితే నల్ల బండ్లకు ప్రమాదం జరిగే అవకాశం సుమారు 12 శాతం ఎక్కువని తేల్చారు. పొద్దు గూకే వేళ దీపాలు లేని ట్రాక్టర్ల మధ్య నుంచి ఇంటికి వచ్చే మనం ఎదుటివాడికి కనబడడం ఎంత ముఖ్యమో ఆలోచించండి.

అయితే అసలు విషయం ఎండ కాదు, గీతలు. బండి మీద ప్రైమరు, రంగు, పైన మెరుపునిచ్చే క్లియర్ కోటు, అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించవు. మన పికప్ తిరిగేది తుమ్మకంపల మధ్య, పత్తి కట్టెల మధ్య. ఆ పలుచని పైపొర మీద పడే ప్రతి సన్నని గీతా నలుపు మీద తెల్లగా మెరుస్తుంది, తెలుపు మీద దాదాపు కనిపించదు. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే మిగిలే ఉప్పు మరకలు నల్ల బండి మీద పొక్కుల్లా కనిపిస్తాయి, రుద్దినకొద్దీ క్లియర్ కోటు అరిగిపోతుంది.

తెలుపులోనూ రెండు రకాలుంటాయి. మామూలు తెలుపు వేరు, అదనపు డబ్బు తీసుకుని ఇచ్చే ముత్యపు తెలుపు వేరు. ముత్యపు తెలుపులో రంగుకూ క్లియర్ కోటుకూ నడుమ మెరిసే పొర మరొకటి ఉంటుంది. దాన్ని ఎంత పలుచగా, ఏ కోణంలో కొట్టారన్న దాన్ని బట్టి ఛాయ మారిపోతుంది కాబట్టి, ఒక డోరుకు దెబ్బ తగిలితే పక్క డోరుకూ కొంత రంగు కలిపి కొడితే తప్ప తేడా దాగదు. మామూలు తెలుపును మన ఊళ్లలో టింకరింగ్ షాపు పెయింటరు కూడా నమ్మకంగా కలుపుతాడు. పనిచేసే బండికి నా ఓటు మామూలు తెలుపుకే. ఎర్రనేల ఉన్న ప్రాంతాలవారికి తెలుపు కింది భాగమంతా ఎర్రబారుతుందన్న అభ్యంతరం ఉంటుంది, అది నిజమే. వారికి వెండి రంగు మంచిది, దుమ్మును అంతకంటే బాగా దాచే రంగు లేదు. వీ-క్రాస్‌లో వచ్చే నారింజ రంగు అందంగా ఉంటుంది, దూరం నుంచి కనిపిస్తుంది కూడా, ఇష్టపడేవారిని నేను తప్పుపట్టను.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. మిలిటరీ బండిలా ముదురు ఆకుపచ్చ రంగు వేయించాలనుకునేవారు, కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 121వ నియమం ఆ ఆలివ్ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసిందని తెలుసుకోవాలి. ఇతర రంగులు మార్చినా ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

ఇక చక్రాలు. నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్న విషయం ఇదే, ఎందుకంటే ఇక్కడ జరిగేది అందం కోసం భద్రతను అమ్ముకోవడం. హైలక్స్ మొదటి రకానికి 265/65 ఆర్17 టైర్లు, పై రకానికి 265/60 ఆర్18 టైర్లు వస్తాయి. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. లెక్క వేసి చూడండి: రెండింటి మొత్తం ఎత్తులో తేడా సుమారు ఒక మిల్లీమీటరే. బండి ఎత్తు పెరగలేదు, రిమ్ము పెరిగి రబ్బరు తగ్గింది, అంతే. 17 అంగుళాలదానికి టైరు పక్కగోడ 172 మిల్లీమీటర్లు, 18కి 159. అదే ఎత్తు నిలుపుతూ 20 అంగుళాల రిమ్ముకు 265/50 టైరు వేస్తే మిగిలేది 132 మిల్లీమీటర్లే. గుంతలో పడినప్పుడు దెబ్బను మింగేది ఆ రబ్బరే, అది సరిపోకపోతే దెబ్బ నేరుగా రిమ్ముకు, అక్కడి నుంచి సస్పెన్షన్‌కు వెళుతుంది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేసే మనిషి ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాడు, అల్లాయ్ పగిలితే కొత్తది కొనవలసిందే.

బరువు సంగతి అసలు ఎవరూ అడగరు. టైరు మీద సైజు పక్కన ఉండే 110 అనే అంకెకు అర్థం ఆ టైరు 1060 కిలోలు మోయగలదని, 107 అయితే 975 కిలోలు మాత్రమే. మిరప టిక్కీలు (బస్తాలు) వేసుకుని వెనుక ఇరుసు మీద బరువంతా పెట్టే బండికి ఆ అంకె తగ్గించడం ప్రమాదం. బయట కొనే అల్లాయ్‌ల మీద మోయగల బరువు ముద్రించి లేకపోతే, ఎంత చవకైనా, ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి పోవద్దు.

ఇంకొక సంగతి స్టెప్నీ. నాలుగు చక్రాలు మార్చి స్టెప్నీని పాతదే ఉంచేవారు ఎందరో. ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే గేరు వేసినప్పుడు ముందు, వెనుక చక్రాలు కలిసి తిరగాలి. ఒక చక్రం చుట్టుకొలత వేరైతే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. మార్చితే ఐదూ మార్చాలి, లేదా ఏదీ మార్చకూడదు. చక్రాలు బయటికి పొడుచుకు వచ్చేలా స్పేసర్లు (చక్రం వెనుక బిగించే మందపాటి బిళ్లలు) వేయించడం ఇంతకంటే చెడ్డది, ఎందుకంటే బేరింగుల మీద భారం పెరుగుతుంది, చిమ్మిన బురద అంతా డోర్ల మీదికి వచ్చి మనం అంత శ్రద్ధగా ఎంచుకున్న రంగునే గీరుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సు కంపెనీ మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

అందుకే మా తమ్ముడికి చెప్పాను: ఆ 20 అంగుళాల అల్లాయ్‌లకు దాచుకున్న డబ్బుతో 17 అంగుళాల రిమ్ములకే రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే మంచి ఆల్ టెర్రైన్ టైర్లు ఐదు కొను, మిగిలినదానితో వెనుక తొట్టికి లైనర్, అంటే లోపలి రక్షణ పూత, కొట్టించు. ఊడదీసి పెట్టే ప్లాస్టిక్ లైనర్ వద్దు, దాని కింద నీరూ ఇసుకా చేరి రంగును తినేస్తాయి. తొట్టికి అతుక్కునేలా స్ప్రే చేసేదే కొట్టించు. ఇక డెలివరీ రోజున టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తయారీ ముద్ర చూసుకో. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. స్టెప్నీది కూడా కిందికి వంగి చూడు, యార్డులో ఎక్కువకాలం నిలిచిపోయిన బండి అయితే అక్కడే తెలిసిపోతుంది.